కోటీ అంకుల్ దిగని ఈతకొలను

ఈ దేశంలో నేను చేసిన ప్రయాణాలకి ఇంతవరకూ గొప్ప కారణాలేవీ లేవు. ఫ్లాట్‌లో గిన్నెలు కడిగే వంతు నాదైన వారాంతాల్లో నాకు ప్రకృతి మీద విపరీతమైన ప్రేమ పుట్టుకొచ్చేది, అంతే. ఈసారి మాత్రం కారణం పరమ గంభీరమైనది. ఒక పెద్దమనిషి ఈతకి వెళ్ళాలనుకున్నారు. ఆయన ఈదినంతసేపూ ఆయన కొట్లో కూర్చోవడానికి మనుషులు కావలసి వచ్చారు. అందుకని మార్చి నెలలో ఒక ఆదివారం నేను ఆక్లాండ్ శివారు హెండర్సన్ నుంచి టౌరంగా వైపు రెండొందల కిలోమీటర్ల పైచిలుకు కారు నడిపాను. ఆ దారిన వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొచ్చే వివరాలు ఇందులో ఉన్నాయి. పనికిరానివి కూడా ఉన్నాయి, కానీ వాటిని దాటవేయకండి, అసలు సంగతి వాటిలోనే ఉంది.

ఆ పెద్దమనిషి పేరు కోటేశ్వరరావు. ఊరందరికీ కోటీ, మాకు కోటీ అంకుల్. టౌరంగాకి ఇరవై నిమిషాల దూరంలో, కివీపళ్ళ తోటల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్ళో డెయిరీ నడుపుతారు. ఇక్కడ డెయిరీ అంటే గేదెలూ, పాలక్యాన్లూ ఊహించుకోకండి. వీధి మొగలో ఉండే కిరాణా కొట్టు. పాలు, బ్రెడ్డు, పేపరు, ఐస్‌క్రీము, ఇండియాకి మాట్లాడుకునే ఫోన్ కార్డులు, అన్నీ అక్కడే. ఊరి పేరు మాత్రం రాయొద్దని ఆయన షరతు. "రాస్తే జనం వచ్చేస్తారయ్యా, పార్కింగ్ లేదు" అన్నారు. ఈ బ్లాగు చదివేది ఎంతమందో నాకు తెలుసు గనక పార్కింగ్‌కి ఏ ఇబ్బందీ రాదని చెప్పాను. అయినా మాట మాటే.

నాకు ఆయన పరిచయం చారి ద్వారా. చారి నాతోపాటు ఆక్లాండ్‌లో చదివాడు, ఇప్పుడు ఆ నగరానికే దక్షిణపు కొసన పాపకూరలో ఉంటున్నాడు. చదువుకునే రోజుల్లో రెండు సీజన్లు కివీపళ్ళు కోయడానికి వెళ్ళి, కోటీ అంకుల్ గరాజ్‌లో పడుకుని, పద్మ ఆంటీ చేతి పప్పుచారు తిని బతికి బట్టకట్టాడు. ఆ విశ్వాసం కొద్దీ అంకుల్ ఫోనంటే లేచి నిలబడి మాట్లాడతాడు. అంతకుముందు వారం నేను వాడి గదిలో ఉండగానే ఆ ఫోన్ వచ్చింది.

"ఒరే చారీ, ఆదివారం ఖాళీయేనా?"

"మీరడిగితే ఖాళీ కాకపోవడమా అంకుల్? చెప్పండి."

"ఒక గంట కొట్లో కూర్చోవాలిరా. ఎదురుగా పూల్ మూసేస్తన్నారు. ఆదివారం ఆఖరు. మా స్వాతి వస్తంది. దాంతోపాటు ఒక్కసారి దిగుదామని."

"మీకు ఈత వచ్చా అంకుల్?"

"రాదు. దిగుదామన్నాను, ఈదుదామన్లేదు."

ఈ పూల్ సంగతి కొంచెం చెప్పాలి. ఇక్కడి చిన్న ఊళ్ళలో ప్రాథమిక పాఠశాలకి సొంత ఈతకొలను ఉండడం మామూలు. డిసెంబరులో మొదలయ్యే ఇక్కడి వేసవి సెలవుల్లో ఊళ్ళో కుటుంబాలు దాని గేటు తాళంచెవి ఒకటి అద్దెకి తీసుకుని, సీజనంతా పిల్లలతో వచ్చి ఈదుకుంటాయి. తాళంచెవులు ఇచ్చేది ఎదురుగా ఉన్న డెయిరీలో. కోటీ అంకుల్ ఆ డెయిరీ కొన్న రెండో ఏడే, నడపడం మావల్ల కాదు, మూసేస్తామని స్కూలువాళ్ళు అన్నారట. క్లోరిన్ ఖర్చు నాదని ఈయన ముందుకొచ్చారు. తర్వాత రంగు, ఆ తర్వాత కంచె. అద్దె కట్టలేని ఇళ్ళవాళ్ళు కొట్టుకొచ్చినప్పుడు తాళంచెవి ఊరికే చేతిలో పెట్టి, స్కూలువాళ్ళు ఇమ్మన్నారని అబద్ధం చెప్పేవారు. అలా తొమ్మిది వేసవులు గడిచాయి. ఈ ఏడు అడుగున బీటలు వచ్చాయి. ఆ మరమ్మతు స్కూలువల్లా కాలేదు, ఈయనవల్లా కాలేదు. ఆదివారం సాయంత్రం ఐదింటికి నీళ్ళు వదిలేసి, తర్వాత మట్టితో పూడ్చేస్తారు. తన డబ్బుతో తొమ్మిదేళ్ళు బతికించిన ఆ నీళ్ళలో అంకుల్ ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. ఆయన కూతురు స్వాతి అక్కడే ఈత నేర్చుకుంది. ఆ పిల్ల ఈదుతుండగా కూడా ఆయన చూడలేదు. కొట్టు పొద్దున్నే తెరిస్తే రాత్రిదాకా, వారానికి ఏడు రోజులూ తెరిచే ఉంటుంది. హామిల్టన్‌లో చదువు ముగించిన స్వాతి ఇక మెల్‌బోర్న్‌లో ఉద్యోగానికి వెళ్ళిపోతోంది. అంటే, ఆ పూల్లో ఆ తండ్రీకూతుళ్ళు కలిసి దిగడానికి లోకంలో మిగిలింది ఆ ఒక్క మధ్యాహ్నమే.

నేను హెండర్సన్‌లో ఎనిమిదింటికి బయల్దేరి, పాపకూరలో చారిని ఎక్కించుకున్నాను. నా కారు వయసు రీత్యా నాకంటే కొంచెమే చిన్నది, అనుభవం రీత్యా చాలా పెద్దది. నలభై డాలర్ల పెట్రోలుతో వెళ్ళిరావచ్చు. కాకపోతే ఎత్తు ఎక్కేటప్పుడు ఏసీ ఆపి, అందరూ కొంచెం ముందుకి వంగి కూర్చోవాలి. దక్షిణంగా మోటర్‌వే పట్టుకుంటే కాసేపటికి బాంబే అనే ఊరొస్తుంది. ఆ బోర్డు దగ్గర ఫోటో దిగి ఇంటికి పంపని తెలుగువాడు ఈ దేశంలో లేడు. మేము జాతి సంప్రదాయాన్ని భంగపరచలేదు. అక్కడి నుంచి ఎడమకి తిరిగి రెండో నంబరు హైవే ఎక్కాలి. పచ్చిక బయళ్ళు, ఆవులు, మళ్ళీ పచ్చిక బయళ్ళు, బహుశా అవే ఆవులు. పయెరోవాలో నిలువెత్తు నిమ్మసోడా సీసా బొమ్మ ఉంటుంది, దాన్ని దాటగానే కరంగహాకే లోయ మొదలవుతుంది. కిందనే నది, పైన వేలాడే వంతెన, బంగారు గనుల కాలపు సొరంగాలు. టికెట్టు లేదు. గంట చాలు. సొరంగంలోకి వెళ్ళేవాళ్ళు టార్చి తీసుకెళ్ళండి. చారి తన ఫోన్ వెలుతురుని నమ్ముకుని నా మడమ తొక్కాడు.

వైహిలో పైలు, అంటే లోపల కూర పెట్టి కాల్చిన పిండి డిప్పలు, తినడానికి ఆగాం. ఒక్కోటి మూడున్నర డాలర్లు. కౌంటర్ వెనకున్నావిడ బంగాళాదుంప, చీజ్ పైని సంచిలో పెట్టి ఇస్తూ, "లోపల కాలిపోతోంది బాబూ, ఐదు నిమిషాలాగు" అంది. చారి ఆగలేదు. వాడి మొహం చూసి ఆవిడ అడక్కుండానే గ్లాసుడు మంచినీళ్ళు తెచ్చి పెట్టి, "చెప్పినప్పుడు ఎవరూ వినరు, అందుకే గ్లాసులు దగ్గర పెట్టుకుంటాను" అంది. ఇంకా ముందుకెళ్తే కాటికాటి. ఊరంతా గోడల మీద బొమ్మలే. ఆ తర్వాత రెండు వైపులా కివీపళ్ళ తోటలు, వాటి చుట్టూ గాలి ఆపడానికి గోడలా కత్తిరించిన ఎత్తైన చెట్ల దడులు. చారి వాటిని చూపించి, "అదిగో అక్కడే నా నడుం పోయింది" అంటూ చారిత్రక ప్రదేశాలు పరిచయం చేశాడు. ఒంటిగంటకల్లా కొట్టు ముందున్నాం.

కొట్టు తలుపుకి గంట కట్టి ఉంది, తలుపు తోస్తే మోగుతుంది. కౌంటర్ వెనక కోటీ అంకుల్. యాభై దాటిన వయసు, నలగని చొక్కా. కింద మాత్రం పద్మ ఆంటీ టేపు పెట్టి కొలిచి కొన్న కొత్త నీలం నిక్కరు. ఆంటీకి టౌరంగా ఆసుపత్రిలో ఆదివారం డ్యూటీ, సెలవు దొరకలేదు. మాకు పులిహోర చేసిపెట్టి, అంకుల్‌కి భుజాన తువ్వాలు వేసి వెళ్ళారట. ఆ తువ్వాలు అప్పటికీ భుజాన అలాగే ఉంది.

స్వాతి లోపలి నుంచి వచ్చి హాయ్ చెప్పింది. తెలుగు బాగానే అర్థమవుతుంది, మాట్లాడేటప్పుడు సగం దారిలో ఇంగ్లీషు బండి ఎక్కేస్తుంది. "నాన్నా, టూ ఓ క్లాక్ అన్నావు. ఐ విల్ బీ దేర్. లేట్ చేయొద్దు" అని చెప్పి ఎదురుగా పూల్‌కి వెళ్ళిపోయింది.

"ఎంతసేపమ్మా, వీళ్ళకి చూపించేసి వచ్చేస్తా" అన్నారు అంకుల్.

చూపించడం మొదలైంది. నేనూ చారీ చెరొక డిగ్రీ ఉన్నవాళ్ళం. అయినా మాకు చిల్లర పెట్టె తెరవడం నేర్పడానికి అరగంట పట్టింది, ఎందుకంటే ప్రతి రెండు నిమిషాలకీ గంట మోగేది, అంకుల్ మమ్మల్ని పక్కకి జరిపి ఆ మనిషితో మాట్లాడేవారు. వాళ్ళ కుక్క ఆరోగ్యం, నడుం నొప్పి, కొడుకు పరీక్ష, అన్నీ అడగందే రొట్టె చేతికివ్వరు. రెండయింది. స్వాతి తడి తలతో తలుపు దగ్గరికొచ్చి, "నాన్నా?" అంది. "ఐదు నిమిషాలమ్మా" అన్నారు. మూడయింది. బీచి నుంచి తిరిగొచ్చేవాళ్ళు ఐస్‌క్రీముల కోసం వరసకట్టారు. మళ్ళీ స్వాతి. మళ్ళీ ఐదు నిమిషాలు.

"అంకుల్, ఒక గంట మూసేస్తే పోలా? బోర్డు పెట్టేసి వెళ్ళిపోవచ్చు కదా?" అన్నాను.

ఆయన నా వైపు నేనేదో అశుభం పలికినట్టు చూశారు. "రేపల్లె దగ్గర మా ఊళ్ళో మా నాన్నకి ఇంతకంటే చిన్న కొట్టుండేది. పట్టపగలు తలుపులేశామంటే ఇంట్లో ఎవరో పోయినట్టే లెక్క. ఊరంతా పలకరింపుకొచ్చేది. ఇప్పటికీ నాకు పగలు తలుపులెయ్యాలంటే చేతులు రావు."

"రేపల్లె దగ్గరంటే కాలువ ఉండే ఉంటుందిగా? మరి ఈత ఎందుకు రాలేదు?"

"ఊళ్ళో అందరికీ వచ్చు. నేను బడి వదలగానే కొట్లో కూర్చునేవాణ్ణి. కాలువలో దూకేవాళ్ళ అరుపులు వినపడేవి." నవ్వారు. "ఇక్కడా అంతే. పూల్ చుట్టూ ఆ చెట్ల దడి అడ్డం, ఏమీ కనపడదు, కానీ అన్నీ వినపడతాయి. మన ఊరి పిల్లల్లో ఎవడు దూకాడో చప్పుడుని బట్టి చెప్పేస్తా."

ఆయన 'మన ఊరు' అంటే ఇదే. రేపల్లె వైపుదాన్ని 'అక్కడ' అంటారు. అక్కడివాళ్ళకి ఏం చేశారని చారి అడిగితే, "అక్కడ కాలువ ఉందిగా, ఇంక నేనేం తవ్వాలి?" అన్నారు.

నాలుగూ ఇరవై అయినా స్వాతి ఇక తలుపు దగ్గరికి రాలేదు. అది గమనించి అంకుల్ కదిలారు. వెళ్తూ వెళ్తూ చారికి ఆఖరి ఉపదేశం చేశారు. "ఎవరైనా నా కోసం అడిగితే లేనని మాత్రం చెప్పకురా. ఇప్పుడే వస్తారు, రెండు నిమిషాలు అని చెప్పు. యజమాని లేడని తెలిస్తే మెట్టు దిగి వెళ్ళిపోతారు. మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం." చారి మంత్రోపదేశం పొందినవాడిలా తలూపాడు. నేను అంకుల్ వెంట వెళ్ళాను. రోడ్డు దాటడానికి ఒక నిమిషం పట్టింది. ఆ నిమిషంలో ఆయన మూడుసార్లు వెనక్కి చూశారు.

పూల్ చిన్నది. నీలం రంగు అక్కడక్కడా పెచ్చులూడింది. చుట్టూ కంచె, కంచె వెనక చెట్ల దడి. ఆశ్చర్యంగా, అప్పటికి పిల్లలెవరూ లేరు. "ఏంటి, ఆఖరి రోజు ఒక్కడూ లేడు?" అని అంకుల్ కొంచెం నొచ్చుకున్నారు. నీళ్ళలో స్వాతి ఒక్కతే ఉంది. తండ్రిని చూడగానే ఆ చివర నుంచి ఈ చివరికి, మళ్ళీ వెనక్కి, నీళ్ళు పెద్దగా చెదరకుండా ఈదింది. అంకుల్ తువ్వాలు చేత్తో పట్టుకుని నిలబడి చూశారు.

"నీకు ఇంత బాగా వచ్చామ్మా?"

"నైన్ ఇయర్స్ నుంచి వచ్చు నాన్నా."

ఆ పిల్ల గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

అంకుల్ చొక్కా తీసి మడతపెట్టి నాకిచ్చారు. బనియను మాత్రం తీయనన్నారు. మొదటి మెట్టు. "అబ్బా, చల్లగా ఉందే!" రెండో మెట్టు, మోకాళ్ళ దాకా. స్వాతి మెట్ల దగ్గరికి ఈదుకుంటూ వచ్చి నిలబడింది. "ఇక్కడ చెస్ట్ వరకే నాన్నా, చూడు, నాకే చెస్ట్ వరకు. కమాన్, నా చేతులు పట్టుకో" అని రెండు చేతులూ చాపింది. ఆయన మెట్ల పక్కనున్న కమ్మీ వదిలి ఒక చెయ్యి ముందుకి పెట్టారు.

రోడ్డవతల కొట్టు గంట మోగింది.

ఆయన చెయ్యి ఆగింది. "చారి చూసుకుంటాడు అంకుల్" అన్నాను. మళ్ళీ మోగింది. మళ్ళీ, మళ్ళీ, ఆగకుండా. "ఇది గిరాకీ కాదయ్యా. ఇంతమంది ఒకేసారి రారు. వాడికేదో అయింది" అన్నారు. "నాన్నా, ప్లీజ్" అంది స్వాతి. "రెండు నిమిషాలమ్మా" అని ఆయన మెట్లెక్కి, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటేశారు. నేను ఆయన చొక్కా పట్టుకుని వెనకాల పరిగెత్తాను.

కొట్టు నిండా జనం. పిల్లలు, పిల్లల తల్లులు, కివీపళ్ళ ప్యాకింగ్ షెడ్డులో పనిచేసేవాళ్ళు, స్కూలు టీచర్లు. చేతుల్లో కేకులు, పైన క్రీము, పళ్ళు పేర్చిన పావ్‌లోవాలు, పూలు. అందరికంటే ముందు మెరె, ఈ దేశపు మూలవాసులైన మావోరీల్లో ఒక పెద్దావిడ, ఆ పూల్లో ఊరి పిల్లలందరికీ ఈత నేర్పింది ఆవిడే, స్వాతికి కూడా. కౌంటర్ వెనక చారి చెమటలు కక్కుతూ, "టూ మినిట్స్, హీ ఈజ్ కమింగ్, టూ మినిట్స్" అని జపం చేస్తున్నాడు. ఎక్కడికెళ్ళారని వాళ్ళు అడిగితే వెనక స్టోర్ రూమ్‌లో ఉన్నారని కూడా చెప్పాడట. ఈతకి వెళ్ళారని ఒక్క మాటంటే వాళ్ళంతా కేకులతో సహా రోడ్డు దాటి పూల్ దగ్గరికే వచ్చేవాళ్ళు. గురువాజ్ఞ మీరలేదు మా చారి.

అంకుల్ నా చేతిలోంచి చొక్కా లాక్కుని తొడుక్కుంటూ, అలవాటు కొద్దీ తిన్నగా కౌంటర్ వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. అక్కడ నిలబడితే ఆయన తడి కాళ్ళు ఎవరికీ కనిపించవు.

మెరె గొంతు సవరించుకుంది. "కోటీ, నీకు థాంక్స్ చెప్పడానికి ఎక్కడ కలుద్దామా అని చాలా ఆలోచించాం. స్కూలు హాల్లోనా, పూల్ దగ్గరా అని. చివరికి ఇక్కడే అనుకున్నాం. ఇన్నేళ్ళలో నిన్ను వేరే చోట చూసినవాళ్ళెవరూ మాలో లేరు" అంది. అందరూ నవ్వారు. తన మనవలందరూ ఈతగాళ్ళయ్యారని, తాళంచెవుల విషయంలో ఈయన చెప్పిన అబద్ధం ఊరందరికీ మొదటి ఏడాదే తెలిసిపోయిందని చెప్పింది. తర్వాత వాళ్ళంతా కలిసి మావోరిలో పాట పాడారు. ఆ ఇరుకు కొట్లో, చిప్స్ ప్యాకెట్ల మధ్య నిలబడి, అంతమంది ఒక్క గొంతుతో పాడుతుంటే నాకు జోకు ఒక్కటీ తట్టలేదు. అంకుల్ చేతులు జోడించి నిలబడ్డారు. తర్వాత ఐస్‌క్రీము పెట్టె తెరిచి పిల్లలందరినీ తీసుకోమన్నారు. స్వాతి తువ్వాలు చుట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. తండ్రిని చూసి నవ్వింది. ఆయన గోడ గడియారం చూశారు. ఐదు కావస్తోంది.

గిరాకీ అంతా మాతోనే ఉంది గనక, కొట్టు తలుపు తెరిచే ఉంచి అందరం కలిసి పూల్ దగ్గరికి నడిచాం. నీళ్ళు వదిలే చక్రం కోటీ చేతే తిప్పించాలని ఊరు నిర్ణయించిందట. అది వాళ్ళు ఇవ్వగలిగిన పెద్ద గౌరవం. కౌంటర్ దాటి బయటికొచ్చాక మెరె ఆయన్ని కిందికీ పైకీ చూసింది. "అరె కోటీ, నీ కాళ్ళు చూడడం ఇదే మొదటిసారి! నిక్కరు అంచు కూడా తడిసింది. నువ్వేమైనా దిగుదామనుకుంటున్నావా? దిగుతావా, ఆఖరిసారి? మేం ఆగుతాం."

"నో, నో, పర్లేదు" అన్నారు అంకుల్. "ఊరికే చూసొచ్చాను."

ఇది చదువుతున్న తెలుగువాళ్ళెవరికైనా ఆ 'నో నో' అర్థం ఏమిటో నేను చెప్పక్కర్లేదు. మన ఇళ్ళలో మొదటి 'వద్దు'ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అన్నం వడ్డించేవాళ్ళు గరిటె వెనక్కి తీసుకోరు. వద్దనడం మర్యాద, మళ్ళీ అడగడం మర్యాద, అప్పుడు సరేననడం మర్యాద. ఆయన తన వంతు మర్యాద చేసి నిలబడ్డారు. మెరె కూడా తన మర్యాద పాటించింది. ఇక్కడ మనిషి వద్దంటే ఆ మాటని గౌరవిస్తారు, బలవంతపెట్టరు. "సరే అయితే" అని ఆవిడ పక్కకి తప్పుకుంది.

"నాన్నా, చెప్పు వాళ్ళకి" అంది స్వాతి మెల్లగా.

"వద్దులేమ్మా. అందరూ నిలబడి ఉన్నారు. బాగోదు."

ఆయన వంగి చక్రం తిప్పారు. గట్టిగా ఉందేమో, రెండు చేతులూ వేశారు. ఎక్కడో అడుగున నీళ్ళు కదిలిన చప్పుడు వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నీళ్ళు వదిలాక ఎవరూ దిగకూడదని రూలు, లోపలికి లాగేస్తుంది. స్కూలు సిబ్బందిలో ఒకాయన అందరినీ బయటికి పంపి గేటుకి తాళం వేశాడు.

జనం వెళ్ళిపోయాక కొట్టు మెట్ల మీద స్వాతి కూర్చుంది. నేనూ చారీ పులిహోర ప్లేట్లతో పక్కనే ఉన్నాం, లేచి వెళ్ళాలో కూర్చోవాలో తెలియలేదు.

"నీకు దిగాలని ఉంది కదా నాన్నా. వై డిడ్ యూ సే నో?"

"ఒక్కసారి అడగ్గానే ఎట్లా దిగుతానమ్మా?"

"దే ఆస్క్‌డ్ యూ."

"ఒక్కసారే అడిగారుగా."

ఆ పిల్లకి నిజంగా అర్థం కాలేదు. పదకొండేళ్ళ వయసు నుంచి ఇక్కడ పెరిగింది. "మరి ఎన్నిసార్లు అడగాలి?" అంది. అది వెటకారం కాదు, ప్రశ్నే. అంకుల్ మిగిలిపోయిన పేపర్లు తీసి కట్టకట్టడం మొదలుపెట్టారు.

ఆరింటికి స్వాతి హామిల్టన్ బయల్దేరింది. గురువారం విమానం. కారు అద్దం దగ్గర వంగి అంకుల్, "అక్కడ ఇంటి దగ్గర పూల్ ఉందా?" అని అడిగారు. "సీ ఉంది నాన్నా, దగ్గరే." "సముద్రమా? జాగ్రత్త." ఇంకేదో చెప్పబోయారు. కొట్టు గంట మోగింది. ఎవరో పాలకోసం వచ్చారు. "వెళ్ళు నాన్నా" అంది స్వాతి. ఆయన ఒక్క క్షణం తటపటాయించి, లోపలికి వెళ్ళారు.

తిరుగు ప్రయాణంలో చీకటి పడేలోపు లోయ దాటేయండి, మలుపులు ఎక్కువ. మేము దాటాం. చారి బాంబే దగ్గరికొచ్చాక, "అంకుల్ పూల్‌కి వెళ్ళారని నేను చెప్పాల్సిందిరా" అన్నాడు. చెప్పి ఉంటే బాగుండేది, కానీ తప్పు వాడిది కాదు. తప్పు ఎవరిదని చూస్తే ఎవరిదీ కాదు, అదే ఇందులో బాధ. ఆ ఊరికి ఆయన ఇచ్చినవన్నీ ఎవరూ అడక్కుండా ఇచ్చారు. ఆ ఊరు కూడా ఆయన్ని ప్రేమగానే అడిగింది, ఆయన మాటని గౌరవించింది. రెండోసారి అడగాలని తెలిసినవాళ్ళు ఆ గుంపులో ఇద్దరమే ఉన్నాం, నేనూ చారీ. "దిగండి అంకుల్, వాళ్ళు ఆగుతారు" అని తెలుగులో ఒక్క ముక్క చాలు. మర్యాదల గురించి ఇంత తెలిసినవాణ్ణి, ఆ నిమిషంలో పెద్దల మధ్య మాట్లాడకూడదనే మర్యాద గుర్తొచ్చి ఊరుకున్నాను. ఇప్పుడక్కడ గడ్డి మొలిచింది, పిల్లలు బంతి ఆడుతున్నారని చారి చెప్పాడు. క్రికెట్ వికెట్లు అంకుల్ కొనిచ్చారట.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక సలహా. ఈ వైపు ఊళ్ళలో స్కూలు పూల్స్ ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి, మార్చి దాటితే మూస్తారు. ఫిబ్రవరిలో వెళ్ళండి, పొద్దున్నే వెళ్ళండి, తువ్వాలు ఇంకొకటి అదనంగా పెట్టుకోండి. ఒడ్డున మనవాళ్ళెవరైనా బనియనుతో నిలబడి, ఫరవాలేదు మీరు కానివ్వండి అంటే వినకండి. ఇంకోసారి పిలవండి.